ఫ్రాంక్ జాప్పా ఆకాశం నుంచి ఊడిపడలేదు

ప్రయోగాత్మక రాక్ సంగీతం గురించి ఎక్కడ మాట మొదలైనా అమెరికన్ గిటారిస్టు, స్వరకర్త ఫ్రాంక్ జాప్పా మీద ఒక పోస్టు ప్రత్యక్షమవుతుంది. దాన్ని పంచుకునేవాళ్లలో చాలామంది ఆయన అభిమానులే. సారాంశం ఇది: "జాప్పా స్వయంభువు, ఆయన మీద ఎవరి ప్రభావమూ లేదు. ఆ వింత సంగీతమంతా డ్రగ్స్ మత్తులో పుట్టింది. సంగీతం చదువుకున్నది లేదు, ఏదో అలా కుదిరింది. ఆర్కెస్ట్రా సంగీతం చివరి రోజుల్లో గౌరవం కోసం వేసుకున్న వేషం. నల్లజాతి వాళ్ల పాత పాటలను వెక్కిరించడానికే వాడుకున్నాడు, జాజ్ అంటే అసలు పడదు. స్ట్రావిన్‌స్కీ బాణీలు మాత్రం ఎత్తేశాడు."

మొదటి మాటకీ చివరి మాటకీ పొత్తు కుదరడం లేదని పంచుకునేవాళ్లు గమనించినట్టు లేదు. ఎవరి ప్రభావమూ లేనివాడు రష్యాలో పుట్టిన స్వరకర్త స్ట్రావిన్‌స్కీని ఎలా ఎత్తేస్తాడు? అది అలా ఉంచి ఒక్కొక్కటే చూద్దాం.

ప్రభావాలు లేవన్న మాటను కొట్టేయడానికి పరిశోధన కూడా అక్కర్లేదు, ఆయన మొదటి రికార్డు అట్ట తెరిస్తే చాలు. ఆయన బృందం ద మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ తొలి ఆల్బమ్ 'ఫ్రీక్ అవుట్' 1966 జూన్‌లో వచ్చింది. రెండు ఎల్పీల ఆ ఆల్బమ్ లోపలి అట్ట మీద, మా సంగీతం ఇలా తయారవడానికి వీళ్లంతా కారణం, దయచేసి అందుకు వాళ్లను తప్పుపట్టకండి అన్న అర్థం వచ్చే శీర్షిక కింద 179 పేర్లు అచ్చేశారు. ఆధునిక శాస్త్రీయ స్వరకర్తలు షోన్‌బర్గ్, వెబర్న్, స్టాక్‌హౌజెన్ ఉన్నారు. బ్లూస్ గాయకులు హౌలిన్ వూల్ఫ్, మడ్డీ వాటర్స్ ఉన్నారు. జాజ్ వాద్యకారులు ఎరిక్ డాల్ఫీ, చార్లెస్ మింగస్ ఉన్నారు. రచయిత జేమ్స్ జాయిస్, హాస్యగాడు లెనీ బ్రూస్, మన రవిశంకర్ కూడా ఉన్నారు. పాతికేళ్ల కుర్రాడు తన మొదటి రికార్డు మీదే ఇన్ని అప్పులు ఒప్పుకున్న సందర్భం రాక్ సంగీతంలో నాకు ఇంకొకటి తట్టడం లేదు. అలాంటి మనిషిని స్వయంభువు అనడం పొగడ్త కాదు, ఆయన చెప్పింది వినకపోవడం.

ఆ పేర్లన్నిటిలో పెద్ద పేరు ఎడ్గార్ వరేజ్. ఫ్రాన్స్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ స్వరకర్త. ఈ కథను జాప్పాయే చాలాసార్లు చెప్పాడు, 1971లో ఒక సంగీత పత్రికకు వ్యాసంగా కూడా రాశాడు. 'లుక్' పత్రికలో ఒక రికార్డుల దుకాణాన్ని మెచ్చుకుంటూ వ్యాసం వచ్చింది. అమ్ముడుపోని సరుకును కూడా అమ్మగల ఘనుడు ఆ యజమాని అని చెప్పడానికి, వరేజ్ డప్పుల గోల రికార్డును ఉదాహరణగా చూపించారు. వినసొంపుగా ఉండదని హెచ్చరించారు కూడా. చదివిన పిల్లవాడికి అది హెచ్చరికలా కాక ఆహ్వానంలా వినిపించింది. ఏడాదికి పైగా వెతికాడు. చివరికి శాన్ డియాగో దగ్గరి లా మెసాలో, ఒక దుకాణంలో రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు తిరగేస్తుంటే అది కంటపడింది. ధర 5.95 డాలర్లు, జేబులో ఉన్నవి 3.80. స్పీకర్ల సత్తా చూపించడానికి వాడిన రికార్డు కాబట్టి దుకాణంవాళ్లు తగ్గించి ఇచ్చేశారు. ఇంటికి తెచ్చి పెడితే, హాల్లో మాత్రం ఇది వినపడకూడదని వాళ్లమ్మ ఆంక్ష పెట్టింది.

పదిహేనో పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే, న్యూయార్క్‌లో వరేజ్‌కు ట్రంక్ కాల్ చేస్తానన్నాడు. ఆయన ఊళ్లో లేడు, భార్య లూయీజ్ మాట్లాడింది. తర్వాతెప్పుడో ఆయనతోనూ మాట్లాడగలిగాడు. ఉత్తరం కూడా వచ్చింది, మనిషిని కలవడం మాత్రం కుదరలేదు. వరేజ్ 1965 నవంబరులో పోయాడు. 1981లో న్యూయార్క్‌లో వరేజ్ స్మారక కచేరీకి వ్యాఖ్యాతగా నిలబడింది జాప్పాయే.

ఇంతకీ వరేజ్ దగ్గర ఆయన తీసుకున్నదేమిటి? బాణీలైతే కాదు. 1931లో పూర్తయిన 'అయొనిజేషన్'లో పదమూడుగురు వాయించేది దాదాపు అంతా తాళవాద్యాలే, మధ్యలో సైరన్లు కూడా మోగుతాయి. తాళం అక్కడ పక్కవాద్యం కాదు, కథానాయకుడు. జాప్పా మొదట నేర్చుకున్నది డ్రమ్సే, గిటార్ చేతికొచ్చింది పద్దెనిమిదేళ్లు వచ్చాక. ఆ చెవితో వరేజ్‌ను విన్నవాడు కాబట్టే, డెబ్బైల్లో ఆయన బృందంలో రూత్ అండర్‌వుడ్ మరింబా (చెక్క పలకల మీద కర్రలతో కొట్టి వాయించే వాద్యం) మీద వాయించే చిక్కు వరసలు అలంకారంగా కాకుండా పాటకు వెన్నెముకగా ఉంటాయి. 1976 నాటి 'ద బ్లాక్ పేజ్' అసలు డ్రమ్స్ సోలోగానే పుట్టింది. కాగితం నిండా స్వరాలే కావడంతో పేజీ నల్లగా కనబడుతుందని ఆ పేరు.

ఇక డ్రగ్స్ సంగతి. పొడుగు జుట్టు, ఆ మీసం, అరవైల కాలిఫోర్నియా, ఆ పాటల పేర్లు చూసి జనం లెక్క కట్టేశారు. నిజం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది. టూర్లో డ్రగ్స్ వద్దన్నది ఆయన బృందంలో నియమం. అది మీరి ఉద్యోగం పోగొట్టుకున్న వాద్యకారులున్నారు. అరవైల చివర్లో 'స్పీడ్' అనే ఉత్ప్రేరకానికి వ్యతిరేకంగా రేడియో ప్రకటనలు రికార్డు చేశాడు. గంజాయి కొన్నిసార్లు తాగి చూశాననీ, గొంతు నొప్పి, నిద్ర తప్ప ఏమీ రాలేదనీ ఆయనే చెప్పాడు. వదలని వ్యసనాలు సిగరెట్లు, కాఫీ. ఆదర్శ జీవితం అని నేననడం లేదు, మత్తులో పుట్టిన సంగీతం మాత్రం కాదు. 'ద బ్లాక్ పేజ్'లో ఒక లయ విభజన లోపల ఇంకో విభజన దూరుతూ పోతుంది. దాన్ని విని, స్వరలిపిలో రాసి పంపించాకే కుర్రాడైన గిటారిస్టు స్టీవ్ వైకి జాప్పా దగ్గర స్వరలిపి రాసే పని దొరికింది. మత్తులో తూగే బృందం రాత్రికి రాత్రి ఒకేలా వాయించగల సరుకు కాదు అది.

చదువుకోలేదన్న మాటలో సగం నిజం ఉంది. సంగీతంలో డిగ్రీ లేదు, కన్సర్వేటరీ (సంగీత కళాశాల) గడప తొక్కలేదు. అయితే హైస్కూల్లో ఒక మాస్టారు షోన్‌బర్గ్ తెచ్చిన, పన్నెండు స్వరాలకూ సమాన స్థానం ఇచ్చే పద్ధతి గురించి చెప్పి దారి చూపించాడు, ఇంకో మాస్టారు స్కూల్ ఆర్కెస్ట్రా మీద తను రాసింది వాయించి చూసుకోనిచ్చాడు. జూనియర్ కాలేజీలో హార్మొనీ పాఠాలు విన్నాడు, మిగతాది లైబ్రరీ పుస్తకాల్లో నేర్చుకున్నాడు. గురుకులం లేకపోవడం వల్ల ఒక లాభం కూడా జరిగిందంటాను. ఏది ఉన్నతం, ఏది నేలబారు అని చెప్పేవాళ్లు చుట్టూ లేరు. వెబర్న్ అయినా లైట్నిన్ స్లిమ్ బ్లూస్ అయినా ఆయనకు ఒకే అలమరలో ఉండే మంచి సంగీతం. ఈ మాట ఆయన ఆత్మకథలోనే ఉంది. జాప్పాను అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఏదైనా ఉందంటే నా దృష్టిలో అదే. రెండు లోకాలను కలిపాడని విమర్శకులు రాస్తారు కానీ, ఆయన చెవికి అవి ఎప్పుడూ రెండుగా లేవు.

ఆర్కెస్ట్రా ముసలితనపు వేషం అనేవాళ్లు తేదీలు చూసుకోవాలి. ఇరవై ఏళ్లు దాటేదాకా ఆయన రాక్ పాటే రాయలేదు, అంతకుముందు రాసినవన్నీ ఆర్కెస్ట్రాకో చిన్న వాద్యబృందాలకో రాసినవి. 1962లో వచ్చిన ఒక చిన్న సినిమాకు ఆర్కెస్ట్రా నేపథ్య సంగీతం ఇచ్చాడు. 1963లో లాస్ ఏంజెలెస్‌లోని మౌంట్ సెయింట్ మేరీస్ కాలేజీలో తన కృతులతో కచేరీ చేశాడు. అప్పటికి 'ఫ్రీక్ అవుట్' ఇంకా మూడేళ్ల దూరంలో ఉంది. 1970లో జుబిన్ మెహతా నడిపిన లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌తో కలిసి మదర్స్ వాయించారు. 1983లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డింగ్‌కు డబ్బు తనే పెట్టుకున్నాడు. 1966 జాబితాలో ఫ్రెంచ్ స్వరకర్త పియర్ బూలెజ్ పేరుంది. అదే బూలెజ్ అడిగి రాయించుకున్న కృతిని 1984 జనవరిలో పారిస్‌లో ఆయన బృందమే వాయించింది. చెప్పాలంటే వేషం రాక్ బృందమే అనొచ్చు. ఆర్కెస్ట్రాకు రాస్తే వాయించేవాళ్లు దొరకరు, రాక్ బృందమైతే జీతాలిచ్చి రిహార్సల్ చేయించుకోవచ్చు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉంటారు.

నల్లజాతి సంగీతం గురించిన ఆరోపణ వీటన్నిటికంటే బరువైనది, కాబట్టి తొందరపడి కొట్టిపారేయను. 1968లో 'క్రూజింగ్ విత్ రూబెన్ అండ్ ద జెట్స్' అని యాభైల డూ-వాప్ శైలిలో (నల్లజాతి బృందాలు గొంతులు కలిపి పాడే ప్రేమ పాటల శైలి) ఒక ఆల్బమ్ మొత్తం చేశాడు. సాహిత్యం కావాలనే పేలవంగా ఉంటుంది. ప్రేమ పాటల మాటలంటే ఆయనకు చులకన, దాన్ని దాచుకోలేదు. వెక్కిరింపు ఉంది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ గొంతుల అమరిక విని చూడండి, ప్రేమ లేనివాడు అంత శ్రద్ధగా పేర్చడు. స్ట్రావిన్‌స్కీ ఒక దశలో పాత శతాబ్దాల పద్ధతులను తీసుకుని కొత్తగా వాడుకున్నట్టే, తను డూ-వాప్ మూసలను వాడుకున్నానని జాప్పా చెప్పాడు. ఆ ఆల్బమ్‌లోనే ఒక పాట చివర్లో స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' స్వరాలు వచ్చి పోతాయి. వెక్కిరింపే ఉద్దేశమైతే 1963లో, అప్పటికే వెనకబడిపోయిన ద పెంగ్విన్స్ అనే నల్లజాతి డూ-వాప్ బృందం కోసం గాయకుడు రే కాలిన్స్‌తో కలిసి నిజమైన డూ-వాప్ పాట ఎందుకు రాస్తాడు? ఆ పాటలో నవ్వులాట లేదు, పాత రోజుల మీద బెంగ ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే, మొహావీ ఎడారిలోని లాంకాస్టర్‌లో చదువుకునే రోజుల్లో ఆయన నడిపిన ద బ్లాకవుట్స్ బృందంలో నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ కుర్రాళ్లు కలిసి వాయించేవారు. యాభైల్లో ఆ ఊరి పెద్దలకు అది మింగుడు పడలేదు. గిటార్ విషయంలో ఆయన గురువులుగా చెప్పుకున్నది జానీ 'గిటార్' వాట్సన్, గిటార్ స్లిమ్, క్లారెన్స్ 'గేట్‌మౌత్' బ్రౌన్. మాట్లాడుతున్నట్టుగా, మధ్యలో ఆగి గద్దించినట్టుగా ఉండే ఆ వాయింపు వాట్సన్‌ది. జాప్పా సోలోల్లో వాక్యం విరిచే తీరు అక్కడిదే. 1975 నాటి ఆల్బమ్‌లో ఆ వాట్సన్‌నే పిలిచి పాడించాడు.

రవిశంకర్ పేరు చూసి మనవాళ్లు పొంగిపోవడం కూడా చూశాను. కాస్త తగ్గాలి. ఒకే ఆధార శ్రుతి మీద సోలోను పెంచుకుంటూ పోయే అలవాటు జాప్పాకు ఉన్న మాట నిజమే, వింటే రాగాలాపన గుర్తుకొస్తుంది. కర్ణాటక వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ ఆల్బమ్‌ను 1979లో నిర్మించాడు కూడా. కానీ వరేజ్‌కో వాట్సన్‌కో ఇచ్చినంత చోటు ఆయన భారతీయ సంగీతానికి ఇవ్వలేదు.

జాజ్ అంటే పడదన్న ప్రచారానికి మూలం 1974 నాటి లైవ్ ఆల్బమ్‌లో ఆయన విసిరిన ఒక జోకు. జాజ్ చచ్చిపోలేదు, కాస్త కంపు కొడుతోందంతే అని. జోకును తీర్పుగా తీసుకుంటే ఇలాగే అవుతుంది. ఎరిక్ డాల్ఫీ పేరు మీద స్మారకంగా ఒక వాద్యకృతి రాసినవాడు, జాజ్ వాద్యకారుడు జార్జ్ డ్యూక్‌ను కీబోర్డు ముందు కూర్చోబెట్టినవాడు జాజ్ ద్వేషి అయితే ఆ మాటకు అర్థం లేదు.

చివరగా దొంగతనం. 1967 నాటి 'అబ్సల్యూట్లీ ఫ్రీ'లో స్ట్రావిన్‌స్కీ స్వరాలు, ఇంగ్లిష్ స్వరకర్త హోల్స్ట్ స్వరాలు ఉన్నాయి, ఎవరూ కాదనరు. వాటిని ఎక్కడ పెట్టాడో చూడాలి. హైస్కూల్లో తన పరపతి పడిపోతోందని కుర్రాడు దిగులుపడే ఒక తేలిక పాట మధ్యలో స్ట్రావిన్‌స్కీ 'పెట్రూష్కా' వచ్చి పడుతుంది. విన్నవాడు దాన్ని గుర్తుపడితేనే చమత్కారం పండుతుంది. దొంగ సొత్తును దాచుకుంటాడు, ఇక్కడ వీధిలో ఊరేగించాడు. స్ట్రావిన్‌స్కీ పేరు అంతకుముందు ఏడాది అచ్చేసిన జాబితాలోనే ఉంది.

జాప్పాను నిలదీయాలనుకునేవాళ్లకు చోటు లేకపోలేదు. ఆడవాళ్ల మీద రాసిన కొన్ని పాటలు అప్పుడూ మొరటుగానే ఉన్నాయి, ఇప్పుడు వింటే ఇంకా ఇబ్బందిగా ఉంటాయి. లోకాన్ని ఎత్తిపొడవడానికే అలా రాశాడని అభిమానులు ఇచ్చే సంజాయిషీ నాకు కొన్ని చోట్లే సరిపోతుంది, అన్ని చోట్లా కాదు. ఆ చర్చ జరగాలి. దానికి ఈ పోస్టులో ఒక్క వాక్యం కూడా కేటాయించలేదు.