ప్రాముఖ్యం లేని ఇల్లు: తయారీ విధానం

1910 ప్రాంతంలో నగర శివారున కట్టిన ఇల్లు చేతికొచ్చిన వాళ్ల కష్టం పగవాడికి కూడా వద్దు. వారసత్వ జాబితాకెక్కిందంటే కిటికీ మార్చాలన్నా అర్జీ పెట్టుకోవాలి. కాబట్టి ఇంటిని ఆ జాబితాకెక్కించాలా అని చూసే పరిశీలకుడు గడప తొక్కేలోగా ఇంటిని ప్రాముఖ్యరహితంగా తీర్చిదిద్దుకోవడం గృహస్థధర్మం. కూల్చనక్కర్లేదు, బాగుచేయిస్తే చాలు.

ముందు ఇటుకల సందులు. ఆనాటి సున్నం మెత్తన. గోడలో చేరిన చెమ్మ అందులోంచే ఆరిపోతుంది. ఎండకూ వానకూ తాను అరిగి ఇటుకను నిలబెడుతుంది. ఇంత త్యాగబుద్ధి ఈ కాలానికి పనికిరాదు. గ్రైండరుతో కోయించండి. ఇటుక అంచులు లేచిపోయి 6 మిల్లీమీటర్ల సందు 12 అయినా మేస్త్రిని ఏమీ అనకండి, పని తెలిసినవాడు. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపి పూడ్పించండి. ఇక చెమ్మకు ఇటుకే దిక్కు. వెంట ఉప్పూ వస్తుంది. అది ఇటుక ముఖం వెనక గట్టిపడి, కొన్నేళ్లలో పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది. అంతవరకూ ఆగలేనివారు పైన ప్లాస్టిక్ పెయింటు కూడా వేయించవచ్చు.

తర్వాత వాకిలి. చెమ్మ పైకెక్కకుండా గోడలో వేసిన పొర, బయటి నేలకు కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. కాంక్రీటు పోసి టైల్స్ పరిచి దాన్ని కప్పెట్టండి. చెక్క నేల కిందికి గాలినిచ్చే జాలీలు కూడా పూడుకుపోతాయి. దూలాల చివర్లు నానుతుంటే మిగతా పని బూజు చూసుకుంటుంది, కూలి అడగదు.

కిటికీలతోనే అసలు తంటా. పైకీ కిందికీ జరిగే ముదురు కలప రెక్కలు, వాటి బరువు మోయడానికి కప్పీ మీదుగా తాడు, తాడుకు ఇనుప గుండు. కొత్త తాడు కట్టి, ఎండిన లప్పం గీకి మళ్లీ పెడితే ఇంకో తరం పనిచేసే ప్రమాదముంది! పీకించి తెల్ల యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలు పెట్టించండి. వాటి జంట అద్దాల మధ్య ఆవిరి చేరితే తుడవడానికి వీల్లేదు, అద్దమే మార్చాలి. అభివృద్ధి అంటే అదే కదా.

ఆస్ట్రేలియాలో 1979లో మొదలైన వారసత్వ సంరక్షణ నియమావళి బర్రా చార్టరు, మార్పు అవసరమైనంతే, వీలైనంత తక్కువగా చేయమంటుంది. ‘వీలైనంత తక్కువ’ అన్న మాటను మనం సంరక్షణకు వర్తింపజేసుకుంటున్నాం, అంతే తేడా.

ఇక పరిశీలకుణ్ణి పిలవండి. ‘గత మార్పుల వల్ల ప్రామాణికత దెబ్బతింది’ అని ఆయనే రాసిస్తాడు. పీకిన కిటికీలు మాత్రం పారేయకండి. పాత కలప కొనేవాళ్లు ఏ నివేదికా అడగకుండా వాటి ప్రాముఖ్యం గుర్తించి, రొక్కం చేతిలో పెట్టి పట్టుకుపోతారు.