చదరంగం టోర్నీలకు హాలు ఎందుకు కావాలి?

2020 ఆగస్టు 30న తొలి ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ ఫైనల్లో రష్యాతో తలపడుతుండగా మన ఆటగాళ్లు నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌లకు ఇంటర్నెట్ తెగిపోయింది. ఎత్తు వేసే వీలులేక, గడియారంలో సమయం అయిపోయి ఇద్దరూ ఓడినట్టు నమోదైంది. ఆనాటి అంతరాయం ప్రపంచంలో ఎన్నో సైట్లను తాకినదని తేలాక అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ రెండు జట్లనూ విజేతలుగా ప్రకటించారు. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటల హరికృష్ణ ఉన్న జట్టుకు స్వర్ణం దక్కిందని మనం సంతోషించాం. కానీ అంతకు రెండు రోజుల ముందు, క్వార్టర్ ఫైనల్లో మన జట్టుతోనే ఆడుతూ ఆర్మేనియా ఆటగాడు హైక్ మార్తిరోస్యాన్ కూడా కనెక్షన్ పోయే ఓడిపోయాడు. అక్కడ అప్పీలు చెల్లలేదు. ఆర్మేనియా రెండో మ్యాచ్ ఆడకుండానే తప్పుకుంది. తీగ ఇంట్లో తెగిందా, సర్వర్ దగ్గర తెగిందా అన్న విచారణతో పతకాలు తేలడం ఈ ఆటకు తగదు.

నమ్మకం సమస్య ఇంతకంటే పెద్దది. ప్రపంచ ఛాంపియన్‌ను ఓడించగల ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్, నేడు ప్రతి ఫోన్‌లోనూ ఉంది. ఇంట్లో కూర్చుని ఆడేవారి గదిలో రెండు కెమెరాలు పెట్టినా, తెర మొత్తం పంచుకోమన్నా అనుమానం పూర్తిగా తీరదు; ఆ అనుమానం నిజాయతీగా గెలిచిన పిల్లవాడినీ వెంటాడుతుంది. హాలులోనూ మోసాలు జరగవచ్చు గానీ, అక్కడ ప్రవేశద్వారం దగ్గర తనిఖీ ఉంటుంది, నడుస్తూ గమనించే ఆర్బిటర్ (ఆట న్యాయనిర్ణేత) ఉంటాడు.

అలాగని అన్నిటికీ ప్రయాణం తప్పనిసరి చేయడం అన్యాయం. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగ్‌తో పాటు నార్మ్‌లు, అంటే టోర్నీల్లో నిర్ణీత స్థాయి ప్రదర్శనలు, సాధించాలి. వాటి కోసం ఇతర దేశాల ఆటగాళ్లతో, టైటిల్ ఉన్నవారితో తలపడాలి. అందుకే మన పిల్లలు యూరప్ టోర్నీల బాట పడతారు. టికెట్లు, వీసా, వసతి, తోడు వెళ్లే తల్లి లేదా తండ్రి పోగొట్టుకునే జీతం: ప్రతిభ ఉన్న ఎందరో ఆగిపోయేది ఇక్కడే.

ఈ చిక్కుకు దారి 2021 మేలోనే కనిపించింది. ప్రపంచ కప్‌కు యూరప్ అర్హత పోటీలో ఆటగాళ్లు తమ తమ దేశాల్లోని కేంద్రాల్లో ఆర్బిటర్ల ఎదుట కంప్యూటర్లపై ఆడారు. ప్రత్యర్థి మరో దేశంలో ఉన్నాడు. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో ఆట కంప్యూటర్ మీదే అయినా ఆటగాళ్లంతా ఒకే వేదికపై కూర్చున్నారు. మన అర్జున్ ఇరిగైశి అక్కడ నాలుగో స్థానంలో నిలిచాడు. ఈ రెండింటిలోనూ మార్పు లేకుండా ఉన్నది ఆర్బిటర్ ఎదుట ఉండటమే. నిబంధన తప్పనిసరి చేయవలసిందీ దాన్నే.

రాష్ట్రస్థాయి ఎంపిక పోటీల తొలి రౌండ్లకు జిల్లాకో కేంద్రం, అక్కడ శిక్షణ పొందిన ఆర్బిటర్, నమ్మదగిన ఇంటర్నెట్, దానికి తోడు మరో కనెక్షన్ ఉంటే శ్రీకాకుళం పిల్ల విజయవాడకు, ఆదిలాబాద్ పిల్లవాడు హైదరాబాద్‌కు ప్రతిసారీ రాత్రి ప్రయాణం చేయనక్కరలేదు. ఖర్చును సంఘాలు, ప్రభుత్వాలు భరించాలి.

చివరి రౌండ్లు మాత్రం ఎదురెదురుగానే జరగాలని నా అభిప్రాయం. ఆట ముగిశాక గెలిచినవారూ ఓడినవారూ పావులను మళ్లీ పేర్చి, ఏ ఎత్తు దగ్గర ఆట మలుపు తిరిగిందో కలిసి వెతుక్కుంటారు. పదేళ్ల పిల్లలకు ఆ అరగంట ఏ కోచింగ్‌లోనూ దొరకదు. తెర మీద ఆట ముగిసిన మరుక్షణం ప్రత్యర్థి మాయమైపోతాడు.