మాట్నీ తీర్పు

నల్లగొండలో ఒక పాత హాలు. మంగళవారం, మధ్యాహ్నం రెండుంపావు ఆట. మా పత్రిక నుంచి ముగ్గురం వెళ్లాము. రెండున్నర దాటినా టికెట్లు చించే పెద్దాయన తలుపు మూయలేదు. బస్సు దిగి ఇంకెవరైనా వస్తారేమోనని రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. మమ్మల్ని కలుపుకొని లోపల ముప్పై ఎనిమిది మంది. బత్తాయి లోడు దించి వచ్చిన రైతులు నలుగురు, తరగతి ఎగ్గొట్టిన సంగతి దాచుకోవడానికి పుస్తకాల సంచులను కుర్చీల కిందికి తోసిన డిగ్రీ పిల్లలు, పెద్దాసుపత్రిలో పరీక్షల రిపోర్టు సాయంత్రం ఇస్తామంటే అప్పటిదాకా ఎక్కడ కూర్చోవాలో తెలియక వచ్చిన తల్లీకూతుళ్లు, చల్లదనం కోసం వచ్చి పేర్లు పడకముందే నిద్రపోయిన ఒక ముసలాయన. వందల కుర్చీల మధ్య వీళ్లంతా వాన పడని ఏడాది మొలకల్లా అక్కడొకరు ఇక్కడొకరు.

సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ హాలులో విన్న మాటలు రెండేళ్లుగా వచ్చిన డజను సినిమాలకు సరిపోతాయి. అన్నింటి పాపం ఒకదాని నెత్తిన వేయడం న్యాయం కాదు.

ఇంటర్వెల్‌లో సమోసాల బల్ల దగ్గర విచారణ మొదలైంది. కథానాయకుడు కారు దిగి గడప ఎక్కేలోగా తాను ఊరికి పోయి రావచ్చునని ఒక రైతు అన్నాడు. అంతమందిని నరికినా ఒక్క పోలీసు కూడా అటువైపు రాలేదేమని రెండో ఆయన సందేహం. విలన్ ఎందుకు చెడ్డవాడయ్యాడో రెండో భాగంలో చెబుతారట అని డిగ్రీ కుర్రవాడు సర్దిచెప్పాడు. ‘మరి డబ్బులు కూడా రెండో భాగంలోనే తీసుకోవాలి కదా’ అని పక్కవాడు. ఒక్క పాటైనా గుర్తుందా అని తల్లి అడిగితే కూతురు కాసేపు ఆలోచించి ఫోను తీసింది. నిడివి, తర్కం, కథ, సంగీతం అన్నీ అయిపోయాయి. మేము వార్తాపత్రికల్లో ఎనిమిది వందల మాటలు రాసి, చాలక నక్షత్రాలు కూడా అతికించే పనిని ఆ నలుగురైదుగురు సమోసా చల్లారేలోగా ముగించారు.

ఒకప్పుడు ఈ తీర్పుకు విలువ ఉండేది. దేవరకొండకో అచ్చంపేటకో కొత్త సినిమా వచ్చేది జిల్లా కేంద్రంలో ఆడిన తరువాతే. ప్రింట్లు తక్కువ. ఒక్కో ప్రింటు అంటే పద్నాలుగు పదిహేను రీళ్ల డబ్బాల మోత. వెయ్యి అడుగుల రీలు తెర మీద నిలిచేది పదకొండు నిమిషాలు. ఆ డబ్బాలు ఊరు చేరేలోగా జిల్లా కేంద్రంలో మాట్నీ చూసి బస్సెక్కిన మనిషి నోట సినిమా ఎలా ఉందో ఊరికి తెలిసిపోయేది. బాగుందంటే నేల టికెట్టు దగ్గర తోపులాట, లేదంటే బెంచీలు ఖాళీ. పోస్టరు ఎంత పెద్దదైనా ఆ మాటను తిప్పికొట్టలేకపోయేది. మొదటి వారం తడబడి, మూడో వారానికి పుంజుకుని, వంద రోజులు ఆడిన సినిమాలు మన పెద్దలందరికీ గుర్తే.

డిజిటల్ ప్రదర్శన వచ్చాక హైదరాబాద్‌కూ కల్వకుర్తికీ ఒకే రోజు, ఒకే గంటలో బొమ్మ పడుతోంది. ఇది మంచి మార్పే. కల్వకుర్తి వాళ్లు అరిగిన ప్రింటు గీతల వెనక కథానాయకుడిని వెతుక్కునే బాధ తప్పింది. కానీ దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది. మనం నిద్రపోతుండగా అమెరికాలో ప్రీమియర్ పడుతుంది, తెల్లవారేసరికి తీర్పు ఫోనులో ఉంటుంది. ఉదయం ఆట అభిమానులది. మధ్యాహ్నానికి వచ్చేవాడు అప్పటికే ఇచ్చేసిన తీర్పుకు తలూపడానికో, తల అడ్డంగా తిప్పడానికో మిగులుతాడు. శుక్ర, శని, ఆదివారాల వసూళ్ల కోసమే సినిమా తీస్తున్నప్పుడు మంగళవారం మాట్నీకి వచ్చేవాడు ఎవరి లెక్కలోనూ లేడు.

ధర దగ్గర ఆ సంగతి మరీ స్పష్టంగా కనబడుతుంది. 2021 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఏసీ ఉన్న ఒంటి తెర హాళ్లలో మామూలు సీటు టికెట్టు 50 రూపాయల నుంచి 150 దాకా, మల్టీప్లెక్సులో 100 నుంచి 250 దాకా పెట్టుకోవచ్చు, పన్ను అదనం. 150కి 18 శాతం జీఎస్టీ కలిపితే 177 రూపాయలు. ఇంట్లో నలుగురు కదిలితే 708. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే ఇద్దరూ పనికి పోయే ఇంట్లోనైనా ఒక రోజు కూలి మొత్తం టికెట్లకే చాలదు. దారిఖర్చు, పల్లీలు, పిల్లల ఐస్‌క్రీము సంగతి తరువాత. 50కీ 150కీ మధ్య వంద రూపాయల జాగా ఉంది కదా, ఆ జాగాలో ఎవరూ కాలు పెట్టరెందుకు? పెద్ద సినిమాకు గరిష్ఠ ధర పెట్టడం రివాజు అయిపోయింది, చిన్న సినిమా కూడా పెద్దదానిలా కనబడాలని అదే ధర పెట్టి ఖాళీ కుర్చీలకు బొమ్మ చూపిస్తోంది.

కేంద్రం 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. వంద దాటితే పాత 18 శాతమే. టికెట్టు 95 పెడితే పన్నుతో కలిపి 99 రూపాయల 75 పైసలు. వారం మధ్యలో మధ్యాహ్నం ఆటకు ఈ ధర పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఏ కార్యాలయం చుట్టూ తిరగనక్కర్లేదు. నైజాం (సినిమా వ్యాపారంలో తెలంగాణ ప్రాంతానికి పేరు) పంపిణీదారు, హాలు యజమాని ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు. కూర్చున్నప్పుడల్లా మాట్లాడుకున్నది మాత్రం ధర పెంచడం గురించే.

ఈ విషయంలో ప్రభుత్వం తీరు కూడా మెచ్చుకునేలా లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్‌లో ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఇక ప్రత్యేక ఆటలు, ధరల పెంపు ఉండవని అదే నెలలో ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. నెల తిరగకుండానే సంక్రాంతి సినిమాకు పెంపు ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబరులో మరో పెద్ద సినిమాకు ఇచ్చిన పెంపు హైకోర్టు మెట్లెక్కింది. పెంచడానికి రాత్రికి రాత్రి ఉత్తర్వులు వచ్చాయి. మంగళవారం ధర తగ్గించమని ఒక్క సలహా కూడా ప్రభుత్వం నుంచి వచ్చినట్టు మాకు గుర్తులేదు.

హాళ్ల యజమానుల మీద జాలి ఉంది, కోపమూ ఉంది. 2024 మే నెలలో జనం లేక, కరెంటు బిల్లుకు సరిపడా డబ్బు కూడా రాక, తెలంగాణలో ఒంటి తెర హాళ్లు పది రోజులు మూసుకున్నాయి. ఎన్నికలు, క్రికెట్ అని కారణాలు చెప్పారు. అసలు కారణం చూడదగ్గ సినిమా లేకపోవడం. మరుసటి ఏడాది, అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో శాతం ఇవ్వండని రెండు రాష్ట్రాల ప్రదర్శకులు జూన్ 1 నుంచి మూత ప్రకటించి, తరువాత విరమించుకున్నారు. వాళ్లు అడిగింది న్యాయమైనదే. ఆడినా ఆడకపోయినా ఒకే అద్దె వచ్చే పద్ధతిలో యజమానికి సినిమా మంచిచెడ్డలతో సంబంధం ఉండదు, ఆడే సినిమాను ఇంకో వారం ఉంచుకోవాలన్న ఆశా ఉండదు. ఈలోగా ఎన్నో ఊళ్లలో హాళ్లు ఫంక్షన్ హాళ్లయ్యాయి. బాల్కనీ ఉన్నచోట ఇప్పుడు బఫే బల్లలు.

కోపం ఎందుకంటే, మేము వెళ్లిన హాలులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి గొళ్లెం లేదు. కూతురు లోపలికి పోతే తల్లి తలుపు పట్టుకొని నిలబడింది. ఇరవై రూపాయల గొళ్లేనికి ఏ పంపిణీదారు అడ్డు చెప్పాడు? మహబూబ్‌నగర్‌లో 2021 సెప్టెంబరులో మల్టీప్లెక్సు వచ్చింది. జిల్లా కేంద్రానికి మంచి తెర, మంచి ధ్వని రావడం సంతోషమే. కానీ మల్టీప్లెక్సులో మామూలు సీటు గరిష్ఠ ధరే పన్నుతో కలిపి 295. మధ్యలో ఉండాల్సిన మాట్నీ హాలు, శుభ్రంగా, చవకగా, కాస్త మర్యాదగా ఉండే హాలు, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కరువవుతోంది.

ఇక సినిమాల సంగతి. ఇప్పటి దర్శకులకు చేతకాదని మేము అనం. తెర మీద వాళ్లు చేయగలుగుతున్నది ముందు తరం కలలో కూడా ఊహించనిది. లోపం కొలతలో ఉంది. మూడు గంటల సినిమాలో గంటన్నర కథ. మిగతాది కథానాయకుడిని పరిచయం చేయడం, పరిచయమైనవాడిని మళ్లీ పరిచయం చేయడం. శబ్దం ఎంత పెంచారంటే మాటలు వినబడకపోవడం ఒక శైలిగా మారింది. ఐదు భాషల్లో ఆడాలని ఏ ఊరిదీ కాని ఊరొకటి కట్టి, ఏ కాలానిదీ కాని బట్టలు వేస్తున్నారు. అన్ని చోట్లా జరిగే కథ చివరికి ఎక్కడా జరగదు.

తెలంగాణ మాట మాత్రం గెలిచింది. దశాబ్దాలపాటు రౌడీ నోటా హాస్యగాడి నోటా మాత్రమే వినబడిన మన మాట ఇప్పుడు కథానాయకుడి నోట, నాయిక నోట వినబడుతోంది. దానికి పొంగిపోయాము, కాదనం. అయితే ఆ గెలుపు కూడా ఒక మూసలో పడింది. నల్లగొండ మాట వేరు, కన్నడ సరిహద్దులోని నారాయణపేట మాట వేరు, తుంగభద్ర ఒడ్డున కర్నూలు గాలి తగిలే అలంపూర్ మాట వేరు. సినిమాలో ముగ్గురికీ ఒకటే యాస, చేతిలో ఒకటే సీసా. 2023లో ‘బలగం’ వచ్చినప్పుడు ఊళ్లలో తెరలు కట్టుకొని, పగలున్న అన్నదమ్ములు కూడా పక్కపక్కన కూర్చొని చూశారు. దాన్ని చూసి పరిశ్రమ నేర్చుకున్నది ఊరు, మందు, కోడికూర ఉంటే చాలని. ఆ సినిమాలో జనం చూసింది తమ ఇంటిని అన్న సంగతి పక్కకు పోయింది.

ఇంటి కథలు ఇక్కడ తక్కువేమీ కాదు. తల్లి ఆసు పోసే (చీర నేతకు చేత్తో నూలు చుట్టే) బాధ చూడలేక యంత్రం కనిపెట్టిన ఆలేరు ప్రాంతపు నేత కార్మికుడి జీవితం 2019లో ‘మల్లేశం’ అయింది. దక్షిణ తెలంగాణ బతుకు మీద అంత నిదానంగా, అంత నమ్మకంగా తీసిన సినిమా తరువాత మాకు కనబడలేదు. దేశమంతా ప్రాజెక్టులు కట్టిన పాలమూరు లేబర్ మీద, పిల్లల కాళ్లు వంకర తిప్పిన నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద పాటలు వచ్చినన్ని సినిమాలు రాలేదు. ఈ నేల కోదాడ దగ్గరి గుడిబండ నుంచి కత్తి కాంతారావును ఇచ్చింది. సుద్దాల హనుమంతు రాసిన పశులకాపరి పాట ‘మా భూమి’లో విని ఏడవనివారు లేరు. సాయుధ పోరాటపు పల్లెలకు కథలు అరువు తెచ్చుకునే గతి పట్టలేదు.

ఓటీటీ మీద నింద వేయడం అందరికీ సులువు. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపుకొని మరీ చర్చించి, ఎనిమిది వారాల దాకా సినిమాను ఓటీటీకి ఇవ్వబోమన్నారు. ఇప్పుడు నాలుగో వారానికే ఫోనులోకి వస్తోంది. ‘నెల ఆగితే ఇంట్లోనే’ అని ప్రేక్షకుడికి నేర్పింది ఎవరో నిర్మాతలే చెప్పాలి.

ఆ మంగళవారం మాట్నీలో చూసిన సినిమా రెండో సగంలో ఒక సన్నివేశం ఉంది. అక్క ఇంటికి తమ్ముడు అప్పు అడగడానికి వస్తాడు, అడగలేక అన్నం తిని వెళ్లిపోతాడు. వెనక సంగీతం లేదు, కత్తి లేదు. హాలంతా నిశ్శబ్దం. ముసలాయన ఎప్పుడు లేచాడో, కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆరు గంటలు కావస్తుండగా బయటికి వచ్చాక, ఇంటర్వెల్‌లో అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసిన రైతు గేటు దగ్గర ఆగాడు. ఆదివారం ఇంటావిడను, ఆమె తమ్ముడిని తీసుకొస్తానని, సినిమా ఉంటుందా అని అడిగాడు. పెద్దాయన గోడ వైపు చూపించాడు. ఒక కుర్రాడు నిచ్చెనెక్కి, పాత పోస్టరు మీదే జిగురు పూసి, శుక్రవారం బొమ్మను అంటిస్తున్నాడు.