ఫుల్ బాడీ ఎంఆర్ఐ తీస్తే అన్ని రోగాలూ దొరికిపోతాయా?

"ఏడాదికోసారి ఫుల్ బాడీ ఎంఆర్ఐ తీయించుకుంటే ఏ రోగమైనా ముందే దొరుకుతుంది, నార్మల్ వస్తే నిశ్చింత, సీటీలూ ఎక్స్‌రేలూ పాతకాలం టెస్టులు, దీంట్లో రేడియేషన్ లేదు కాబట్టి ప్రమాదమే లేదు" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎక్స్‌రే లాంటి రేడియేషన్ లేదన్న ముక్క ఒక్కటే నిజం, మిగతాది నమ్మితే పేషెంటే నష్టపోతాడు.

ముందు ఏ రోగమైనా దొరుకుతుందన్న మాట చూద్దాం. ఈ మెషిన్ పట్టేది ఒంట్లో నీళ్ళలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ సిగ్నల్ని. అందుకే మెదడు, వెన్నుపాము, లిగమెంట్లు, ప్రోస్టేట్ అంత బాగా కనిపిస్తాయి, ఊపిరితిత్తుల్లో ఎక్కువ గాలే కాబట్టి అక్కడ చిన్న గడ్డలకి సీటీయే బెటర్. పైగా ఎంఆర్ఐ అంటే ఒక్క ఫోటో కాదు, ఏం వెతుకుతున్నామో దాన్నిబట్టి సీక్వెన్సులు (స్కాన్ తీసే పద్ధతులు) మారతాయి. స్ట్రోక్ అనుమానం ఉంటే డిఫ్యూజన్ (ఒంట్లో నీటి కదలికని చూపే సీక్వెన్స్) తీస్తారు, రక్తం అందక కణాలు ఉబ్బిన చోట నీటి కదలిక తగ్గి ఆ ముక్క తెల్లగా మెరుస్తుంది, సీటీలో ఇంకా ఏమీ తేలని తొలి గంటల్లోనే. మెదడు, వెన్నుపాములోని నరాల పొరని ఒంటి రక్షణ వ్యవస్థే దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో అయితే కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా తెలిసేలా రక్తంలోకి ఇచ్చే మందు) ఎక్కించాక కొత్త మచ్చలు మెరుస్తాయి, పాతవి సాధారణంగా మెరవవు, అది చూసి జబ్బు ఇప్పుడు యాక్టివ్‌గా ఉందో లేదో చెప్తారు. డాక్టర్ ఏం అనుమానిస్తున్నారో తెలీకుండా తీస్తే ఈ సీక్వెన్సులన్నీ ఉండకపోవచ్చు.

నార్మల్ వస్తే రోగం లేనట్టా? కాదు. మైగ్రేన్‌లో నార్మలే వస్తుంది, ఫిట్స్ వచ్చే చాలామందికీ అంతే, పార్కిన్సన్స్‌ని ముఖ్యంగా లక్షణాలు చూసే తేలుస్తారు. మెదడు వెనక భాగంలో వచ్చే చిన్న స్ట్రోక్ మొదటి రోజు స్కాన్‌లో తప్పిపోవచ్చు కూడా.

నాకు ఎక్కువ బాధ కలిగించేది దీనికి రివర్స్, అంటే రిపోర్ట్‌లో ఏం రాస్తే అదే రోగం అనుకోవడం. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో నడుం నొప్పి అస్సలు లేనివాళ్ళ స్కాన్లు చూస్తే 20 ఏళ్ళవాళ్ళలో దాదాపు 30 శాతం మందికి, 80 ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త కాస్త బయటికి ఉబ్బడం) ఉంది. అంటే ఆ మాట చూసి ఆపరేషన్ దాకా పరిగెత్తక్కర్లేదు. కానీ నడుం నొప్పితో పాటు యూరిన్ ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాళ్ళలో బలం తగ్గినా అది ఎమర్జెన్సీ, వెంటనే ఎంఆర్ఐ కావాలి.

సీటీ పాతదేం కాదు. తలకి దెబ్బ తగిలితే, స్ట్రోక్ వచ్చి ఆస్పత్రికి చేరితే చాలాచోట్ల ముందు తీసేది అదే, నిమిషాల్లో బ్లీడింగ్ ఉందో లేదో తేలిపోతుంది.

ప్రమాదం లేదన్నది మరీ తప్పు. ఆ మాగ్నెట్ మామూలుగా 1.5 లేదా 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత), స్కాన్ అయిపోయినా ఆఫ్ అవ్వదు, ఇనుప ఆక్సిజన్ సిలిండర్ని కూడా లాగేసుకుంటుంది. పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన పాత క్లిప్, వినికిడి కోసం చెవిలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే ఏ మోడలో చూశాకే లోపలికి పంపాలి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి గాడోలినియం కాంట్రాస్ట్ ఇచ్చేముందు ఆలోచించాలి. పోయినసారి ఏం కాలేదు కదా అని ఊరుకోకండి, మధ్యలో ఏ ఆపరేషన్ అయినా, ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడినా టెక్నీషియన్‌కి ముందే చెప్పండి.