శ్రీ ‘పోయినేడాది ప్లస్ అయిదు శాతం’ గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీ కుశలానికి ఏనాడూ లోటు లేదు కాబట్టి సగం నిజమే అవుతుంది. మా వైపు మాత్రం రెండు చెత్త లారీలు జాకీల మీద ఉన్నాయి. నీళ్ల ట్యాంకరు ఇంకో బండి తాడు కట్టి లాగితే గానీ స్టార్ట్ అవడం లేదు. వీధిదీపాల నిచ్చెన బండి ఉంది చూశారూ, దాని నిచ్చెన సగం లేచి ఆలోచనలో పడుతోంది.

నేను నగరపాలక సంస్థ వాహనాల విభాగంలో లెక్కలు రాసేవాణ్ణి. ఏటా బడ్జెట్ రోజుల్లో మీ సేవ చేసుకుంటాను. పెద్ద పనేమీ కాదు. పోయినేడాది షీట్ తెరవడం, పైన సంవత్సరం మార్చడం, చివరి గడిలో పోయినేడాది ఖర్చును 1.05తో హెచ్చవేసి, అంటే అయిదు శాతం కలిపి, కిందికి లాగడం. బళ్లెన్ని, వాటి వయసెంత, ఏది ఎన్నాళ్లు షెడ్డులో పడుకుంది, ఇవేవీ తెలియనక్కర్లేదు. షెడ్డు గేటు దాటకుండానే మీరు అన్ని బళ్ల భవిష్యత్తూ తేల్చేస్తారు. జాతకం రాసేవాడైనా పుట్టిన తేదీ అడుగుతాడు. మీరు అదీ అడగరు.

మీ సమదృష్టికి యోగులు కూడా సిగ్గుపడాలి. పెద్దసారు కారుకూ అయిదు శాతమే, చెత్త లారీకీ అయిదు శాతమే. కారు ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి మీటింగుకు వెళ్లి చెట్టు నీడన నిలబడుతుంది. లారీ బతుకు వేరు. నాలుగిళ్లకోసారి ఆగాలి, మళ్లీ కదలాలి. రోజుకు వందల సార్లు బ్రేకు, క్లచ్, మొదటి గేరు. ఆగినప్పుడైనా విశ్రాంతి ఉందా అంటే లేదు. చెత్తను లోపలికి నొక్కే హైడ్రాలిక్ పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. కిలోమీటర్ల మీటరు మాత్రం కదలదు. మీ భక్తులు ఆ మీటరు చూసి “ఇంకా కొత్తదే, పెద్దగా తిరగలేదు కదా” అంటారు. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పే మీటరు ఇంకోటి పక్కనే ఉంటుంది. దాని గాజు మీద గ్రీజు మరక పడి అయిదారేళ్లయింది. ఎవరూ తుడవలేదు. ఆ అంకె రాయడానికి షీట్‌లో గడి లేదు మరి.

పెద్ద లారీ ఊరికే నిలబడి ఇంజిన్ నడిపినా గంటకు సుమారు 3 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఒక డివిజన్‌లో ఒకాయన ఈ సంగతి పట్టుకుని, పని లేనప్పుడు ఇంజిన్ ఆపేయమని డ్రైవర్ల వెంటపడి, ఏడాదంతా సతాయించి డీజిల్ మిగిల్చాడు. మీరు వెంటనే ఆయన్ను గుర్తించారు. పోయినేడాది ఖర్చే తక్కువ కదా అని ఆ తక్కువ అంకె మీదే మీ అయిదు శాతం వేశారు. పక్క డివిజన్‌లో మిగిలిన డబ్బుతో ఆఖరి నెలలో టైర్లు కొన్నారు. అవి మా దగ్గరున్న ఏ బండికీ సరిపోని సైజు. ఆ డివిజన్‌కు కేటాయింపు పెరిగింది. పొదుపు చేసినాయన ఇప్పుడు ఇంజిన్లు ఆపమని ఎవరినీ అడగడం లేదు.

డీజిల్ ధర విషయంలో మీ నిబ్బరం మరీ గొప్పది. 2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లు దాటింది, అదే ఏడాది డిసెంబరుకు 40 కిందికి జారింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందాల) ధర ఏకంగా మైనస్ 37 డాలర్లకు పడింది. అంటే పీపా పట్టుకెళ్తే ఎదురు డబ్బిస్తామన్నారు. ప్రపంచమంతా తలపట్టుకు కూర్చున్న ఆ రోజు కూడా మీరు రెప్ప వేయలేదు. అయిదంటే అయిదే. లీటర్లు ఒక గడిలో, ధర ఇంకో గడిలో రాద్దాం, ధర ఎగిరితే ఆదుకోవడానికి కొంత పక్కన పెడదాం అని ఒకసారి నోట్ పెట్టాను. “మంచి ఆలోచన, వచ్చే ఏడాది చూద్దాం” అని రాసి వెనక్కి పంపారు. లీటర్లు విడిగా రాస్తే ఎవరెన్ని తాగారో బయటపడుతుంది కదా!

ఇక ఒక గొట్టం సంగతి.

మా షెడ్డులో 17వ నంబరు చెత్త లారీ ఉంది. దాని హైడ్రాలిక్ గొట్టం ఒకటి క్లాంపుకు రాసుకుని రాసుకుని పైన రబ్బరు పోయి లోపలి ఇనప జాలీ తేలింది. మెకానిక్ నన్ను పిలిచి చూపించాడు. వేలు పెడితే తీగలు గుచ్చుకున్నాయి, చేతికి ఆయిల్ అంటింది. మూరెడు గొట్టం, రెండు చివర్లా రెండు నట్లు, గంట పని. కొత్త గొట్టం కావాలని ఇండెంట్ రాశాం. మరమ్మతుల పద్దులో డబ్బు అయిపోయింది, కొత్త ఏడాది రానివ్వండి అన్నారు. ఏడాది మారడానికి ఇంకా ఏడు వారాలుంది. మెకానిక్ పాత ట్యూబు ముక్క కోసి గొట్టానికి చుట్టి, బైండింగ్ వైరుతో బిగించి, లారీకి ఒక దండం పెట్టి పంపాడు.

పదకొండో రోజు నడివీధిలో గొట్టం పగిలింది. ఆయిల్ అంతా రోడ్డు పాలు. డ్రైవర్ చూసుకునేలోపు పంపు ఆయిల్ లేకుండా తిరిగి తిరిగి బిగుసుకుపోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వచ్చింది. పంపు వచ్చేదాకా లారీ అయిదు వారాలు జాకీల మీదే. చెత్త ఆగదు కాబట్టి అద్దె లారీ పెట్టారు. దానికి డబ్బెక్కడిదని అడగకండి, అద్దెలది వేరే పద్దు, అందులో పుష్కలంగా ఉంది. ఆ అద్దెతో గొట్టాలు ఎన్ని వస్తాయో లెక్క వేశాను గానీ ఎవరికీ చూపించలేదు. ఏడాది చివర మరమ్మతుల పద్దు గీత దాటలేదని మా విభాగాన్ని మెచ్చుకున్నారు. నేనూ చప్పట్లు కొట్టాను.

పాత బండికి పెట్టిన డబ్బు ఎప్పుడో తీరిపోయింది, ఇప్పుడది ఫ్రీగా నడుస్తోంది అనేది మీ మతంలో మూలసూత్రం. షెడ్డులో కుర్రాణ్ణి అడిగినా వేరేలా చెప్తాడు. కొన్న ధరను ఏళ్ల మీద పంచితే ఏడాదికి పడే భారం తగ్గుతూ వస్తుంది. రిపేర్లు, ఆగిపోయిన రోజులు, తాగే డీజిల్ పెరుగుతూ వస్తాయి. రెండూ కలిపి గీత గీస్తే గిన్నెలా ఉంటుంది. బండి ఆ గిన్నె అడుగున ఉన్నప్పుడే మార్చేస్తే, అమ్మినా నాలుగు డబ్బులొస్తాయి. మేం అడుగు దాటి, అంచెక్కి, అవతలి వైపు వేలాడుతున్నాం. ఫైరింజన్లకు 15 ఏళ్లు దాటితే ముందువరస నుంచి తప్పించి రిజర్వులో పెట్టమని అమెరికాలో అగ్నిమాపక ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ సూచించింది. మా దగ్గర రిజర్వులో ఉన్నదే ప్రమోషన్ మీద ముందువరసకు వచ్చింది.

ఎవరో పుణ్యాత్ముడు వాహనాల మార్పిడి నిధి కూడా పెట్టించాడు. పదేళ్లు నడిచే బండికి ఏటా ధరలో పదో వంతు దాచడం. కాకపోతే దాచింది పాత ధరలో పదో వంతు. కొత్త బండి ధర, మీ లెక్కే తీసుకుందాం, ఏటా అయిదు శాతం పెరిగినా పదేళ్లకు 1.63 రెట్లవుతుంది. పది బళ్లకని దాచిన డబ్బుకు ఆరే వస్తాయి. అన్ని చోట్లా దూరే మీరు, నిజంగా కావాల్సిన ఆ ఒక్క చోట కనపడలేదు స్వామీ. పోనీ ఆ ఆరైనా వచ్చాయా? నిధిలో డబ్బు కదలకుండా ఉండటం చూసి కొందరికి నిద్ర పట్టలేదు. కూడలిలో ఫౌంటెన్‌కు మళ్లించారు. తిరిగి ఇస్తామని రాసిన కాగితం నా బీరువాలో భద్రంగా ఉంది.

ఆ పైన మూడేళ్లు కొనుగోళ్లే ఆపేసి, ఎంత మిగిల్చామో చూడండన్నారు. వంద బళ్లు, పదేళ్ల ఆయుష్షు అనుకుంటే ఏటా పది మార్చాలి. మూడేళ్లు మానేస్తే నాలుగో ఏట ఒక్కసారే నలభై. అవి కొన్నా కథ అయిపోదు. ఒకే ముహూర్తాన వచ్చినవి పదేళ్ల తర్వాత ఒకే ముహూర్తాన మూలపడతాయి. అప్పటికి నేను రిటైరవుతాను, మీరు కారు.

కరెంటు బళ్ల మాటెత్తితే మీ ముఖం మాడిపోతుందని తెలుసు. చైనాలో షెన్‌జెన్ నగరం 2017 చివరికే 16 వేలకు పైగా సిటీ బస్సులను కరెంటువి చేసేసింది. కొనేటప్పుడు భారం, నడిపేటప్పుడు తేలిక. అంటే ఒక పద్దు ఎగరాలి, ఇంకో పద్దు దిగాలి. దిగడం మీ వంశంలోనే లేదు. చార్జింగ్‌కు ట్రాన్స్‌ఫార్మర్ ఏ పద్దులో వేయాలని మా దగ్గర నాలుగు మీటింగులు జరిగాయి. అయిదోది వాయిదా పడింది. రావాల్సిన సారు కారు స్టార్ట్ కాలేదట.

ఇంత రాశాక ఒక సంగతి మీ దగ్గర దాచడం న్యాయం కాదు. షీట్‌లో 43వ వరసలో ఒక రోడ్డు రోలర్ ఉంది. ఆరేళ్ల క్రితం దాన్ని ఇక పనికిరాదని కండెమ్ చేసి, వేలంలో తుక్కు కింద అమ్మేశారు. వరస మాత్రం ఎవరూ తీయలేదు. మీ దయవల్ల ఈ ఆరేళ్లలో దాని డీజిల్ కేటాయింపు 34 శాతం పెరిగింది. టైర్లకూ కొంత ఉంది. ఇనప చక్రాల రోలర్‌కు టైర్లు!

ఈసారి ఎలాగైనా తీసేద్దామని ఆ వరస మీద పెన్సిల్‌తో గీత కొట్టి, కాగితం షెడ్డుకు తీసుకెళ్లాను. ఫోర్‌మన్ కాగితం చూశాడు, నన్ను చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “ఇంకే బండినైనా కొట్టేయండి సార్, దాన్ని మాత్రం ముట్టుకోకండి” అన్నాడు. ఎందుకన్నాను.

“చెత్త లారీలకు ఇరవై నాలుగో తారీఖుకే డీజిల్ అయిపోతుంది. అక్కణ్నుంచి నెలాఖరు దాకా ఊరిని ఆ రోలరే ఊడుస్తోంది.”

సీటుకు తిరిగొచ్చి, రబ్బరు తీసుకుని గీత చెరిపేశాను.

ఇట్లు,
తమ విధేయుడు,
వాహనాల విభాగం గుమాస్తా

తా.క.: షీట్ పంపేశాను, రోలర్‌కు కూడా అయిదు శాతం వేశాను. వీలుంటే దానికొక్కదానికి ఆరు ఇప్పించగలరా?