కార్తీక ఆదివారాలను సన్మానాలకు రాసివ్వకండి

కార్తీకమాసం వస్తోందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో హడావిడి మొదలవుతుంది. వనభోజనాల చందా ఎంత, వంటవాళ్ళెవరు, మైకు ఎవరు తెస్తారు? ఏ చెట్టు కిందికి వెళ్తున్నామని మాత్రం ఎవరూ అడగరు. వానలు తగ్గి, చెరువులు నిండి, ఎండ మెత్తబడిన ఈ రోజులను తీసుకెళ్ళి కుర్చీలాటకూ శాలువాలకూ ధారపోస్తున్నాం. ఉసిరి చెట్టు లేని తోటలో, కుండీలో ఉసిరి కొమ్మ గుచ్చి దాని పక్కనే బఫే పెట్టడం కళ్ళారా చూశాను. మధ్యాహ్నానికే కొమ్మ ఆకులు ముడుచుకున్నాయి. ఉపన్యాసాలు మాత్రం పొద్దుగూకేదాకా సాగాయి.

ఇక అరకు బయలుదేరేవారిది ఇంకో తీరు. ఘాట్ రోడ్డు మీద కార్ల బారులో సగం రోజు గడిపి, వలిసె చేను కనబడగానే అందరూ అందులోకి దిగిపోతారు. అయ్యా, అది పూలతోట కాదు, గిరిజన రైతుల నూనెగింజల పంట. వలిసెలో ఒక మొక్క పుప్పొడి అదే మొక్కకు పనికిరాదు. తేనెటీగ వచ్చి వేరే మొక్క పుప్పొడి మోసుకొస్తేనే గింజ కడుతుంది. గట్టు మీద నిలబడి పది నిమిషాలు చూడండి, ఒక్కో పసుపు పువ్వు మీద ఎంత పని జరుగుతోందో తెలుస్తుంది. ఫోటో కోసం చేను తొక్కి, రైతు నాలుగు డబ్బులడిగితే బేరమాడే పెద్దమనుషులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"పిల్లల కోసమేగా" అంటారు. ఆ మాట చాటున పెద్దవాళ్ళు సంచులకు కాపలా కాస్తూ ఫోను చూసుకుంటారు. పెద్దలకు విసుగు పుట్టించే విహారం పిల్లలకు మాత్రం ఎంతసేపు నచ్చుతుంది? డాబా ఎక్కినా చాలు. కార్తీక పున్నమినాడు చంద్రుడు కృత్తికలనే చుక్కల గుంపు దగ్గర ఉంటాడు, మాసానికి ఆ పేరు అందుకే వచ్చింది. ఆ వెన్నెల్లో చుక్కలు వెలవెలబోతాయి కాబట్టి నాలుగైదు రోజులు ఆగి, చంద్రుడు రాకముందే తూర్పు వైపు చూడండి. ఆ గుంపులో ఎవరికి ఎన్ని చుక్కలు కనబడుతున్నాయో పందెం వేసుకోవచ్చు, తాతలతో సహా.

బండి తీయాల్సిందే అంటే పక్షుల దగ్గరికి వెళ్ళండి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం, దక్షిణాన సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు. అక్కడ గూడబాతులూ (పెలికాన్లు) ఎర్రకాళ్ళ కొంగలూ చెట్ల కొమ్మల మీదే గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. తల్లి గూడబాతు సంచిలాంటి ముక్కు తెరవగానే పిల్ల అందులోకి తల దూర్చి చేపలు తినడం చూస్తే ఏ పిల్లవాడూ ఉయ్యాల అడగడు. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని ఏటా ఎవరో ఒకరు రాస్తారు. ఈ రెండూ మన దేశపు పక్షులే, నీరూ చేపలూ ఉన్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. అక్కడి ఊళ్ళవాళ్ళు వాటిని చుట్టాల్లా చూసుకుంటారు. మనం వెళ్ళి ఈలలు వేస్తే గూడు మీది తల్లి లేచిపోతుంది, గుడ్లు ఎండకు మాడతాయి.

పొద్దున్నే వెళ్ళండి, వీలైతే బైనాక్యులర్లు పట్టుకెళ్ళండి. ఈ ఆదివారం కుదరకపోయినా కొంప మునగదు, పక్షులు సంక్రాంతి దాటాక కూడా ఉంటాయి.