వెనుదిరుగు స్థలం ముందున్నది

వేగమే నాగరికత అని భ్రమపడుతున్న ఈ కాలానికి ఆదర్శ పాలన ఎలా ఉంటుందో చూపించాలంటే, 1815లో పూర్తయిన ఇంగ్లండులోని వుస్టర్–బర్మింగ్‌హామ్ కాలువను మించినది లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. దాని పొడవు సుమారు 30 మైళ్లు, పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల గదులు, అంటే లాకులు, 58, వేగ పరిమితి గంటకు 4 మైళ్లు. ఒడ్డున కట్టేసి ఉన్న పడవల పక్కగా వెళ్లేటప్పుడు అదీ దూకుడే.

ఈ కాలువ దారిలోని టార్డెబిగ్ ఊరి దగ్గర వరుసగా 30 లాకులెక్కితే పడవ 220 అడుగులు పైకి చేరుతుంది. ఒకరు గట్టు మీదికి దిగి, వంకర ఇనుప పిడిని ఇరుసుకు తగిలించి తిప్పి తూములెత్తాలి, నీళ్లు నిండాక తలుపు దూలానికి నడుము ఆనించి బలంకొద్దీ తోయాలి. గోదావరి డెల్టాలో లాకుల దగ్గర పెరిగినవారికి ఈ తంతు వివరించనక్కర్లేదు. లోపలా బయటా నీటిమట్టం సమానమయ్యేదాకా ఆ తలుపు ఎంతటివారి సిఫారసుకూ కదలదు. సమానత్వాన్ని ఇంత నిక్కచ్చిగా పాటించే ప్రభుత్వ కార్యాలయం నాకు ఇంతవరకు తారసపడలేదు. పూర్వం పడవవాళ్లు కూలి కోసం చేసిన ఈ చాకిరీని నేడు మధ్యతరగతి కుటుంబాలు అద్దె కట్టి మరీ సెలవుల్లో చేస్తున్నాయి. వేలు కదపకుండా సలహాలిచ్చే ప్రేక్షకులు మాత్రం గట్టున ఉచితంగానే దొరుకుతారు.

అసలైన రాజనీతి మలుపులో ఉంది. 70 అడుగుల పడవను అంతకంటే ఇరుకైన కాలువలో ఎక్కడపడితే అక్కడ తిప్పడం కుదరదు కనుక, గట్టును త్రికోణంగా తొలిచిన చోటికే వెళ్లి తిప్పుకోవాలి. ముక్కును ఆ సందులో దూర్చి, చుక్కాని పూర్తిగా తిప్పి, ఇంజను జోరు పెంచితే తోక మెల్లగా చుట్టు తిరుగుతుంది, ఎదురుగాలి లేకపోతే. దారి తప్పామని గ్రహించినవారు ఆమోదిత స్థలం వచ్చేదాకా ఆ తప్పులోనే మర్యాదగా ముందుకు సాగాలి; పొరపాటును అక్కడికక్కడే దిద్దుకునే తొందరపాటుకు తావు లేదు. తీరా చేరేసరికి, పడవలు కట్టరాదన్న బోర్డు కిందే ఎవరో పడవ కట్టుకుని టీ తాగుతూ కనిపించడమూ కద్దు.

అయితే ఈ కాలువ కిరీటంలో మణి బర్మింగ్‌హామ్‌లోని గ్యాస్ స్ట్రీట్ దగ్గరి గోడ. ఈ కొత్త కాలువ వస్తే తన నీళ్లు పోతాయని అక్కడ అప్పటికే ఉన్న పాత కాలువ కంపెనీ పైకి చెప్పింది, వ్యాపారం పోతుందన్న దిగులును లోపల దాచుకుంది, చివరికి కొత్తది తనకు ఏడడుగుల దూరంలోనే ఆగాలని 1791 నాటి చట్టంలోనే రాయించుకుంది. అలా దాదాపు ఒకే మట్టాన ఉన్న రెండు కాలువలు ఒక గోడకు అటూ ఇటూ ఎదురెదురుగా నిలిచిపోయాయి. కొత్త కాలువ మొదటి భాగం తెరుచుకున్న 1795 నుంచి 20 ఏళ్లపాటు బొగ్గూ సరుకూ ఒక పడవ నుంచి దించి, గోడ దాటించి, ఇంకో పడవకు ఎక్కించారు. ఎంతమంది కూలీలకు ఉపాధి దొరికిందో చూడండి! 1815లో ఎవరికి బుద్ధి పుట్టిందో గాని గోడకు గండి కొట్టి లాకు పెట్టారు. గోడను మాత్రం పడగొట్టలేదు. ఇప్పటికీ దానికి ఇరుపక్కలా పడవలు కట్టుకుంటూనే ఉన్నారు. ఆ గండిని పూడ్చి చట్టం గౌరవం నిలబెట్టాలని ఎవరైనా అర్జీ తయారుచేస్తే మొదటి సంతకం నాది.